పలకరాతి గట్టు, నది వంపు, కోట పునాదిలో పడవ

1878లో జర్మనీలోని మోజెల్ నది ఒడ్డున, నొయ్‌మాగెన్ అనే చిన్న ఊళ్లో, పాతకాలపు రోమన్ కోట పునాది తవ్వుతుంటే ఒక పడవ బయటపడింది. చెక్క పడవ కాదు, రాతి పడవ. రెండు కొసలా మృగాల తలలు. నడుమ తెడ్లు పట్టుకుని గడ్డాలవాళ్లు వరసగా కూర్చున్నారు. వాళ్లను ఆనుకుని పెద్ద పెద్ద పీపాలు. చుక్కాని పట్టినవాళ్లలో ఒకతను నవ్వుతున్నాడు. పదిహేను వందల ఏళ్లకు పైగా మట్టిలో ఉండి కూడా ఆ నవ్వు చెదరలేదు.

క్రీ.శ. 220 ప్రాంతంలో ఎవరో వ్యాపారి సమాధి మీద నిలబెట్టిన శిల్పం అది. ఇప్పుడు అసలుది ట్రియర్ నగరంలోని మ్యూజియంలో ఉంది, దాని నకలు నొయ్‌మాగెన్‌లో ఉంది. సమాధి మీద ఉండాల్సిన పడవ కోట పునాదిలోకి ఎలా వచ్చింది? ఆ పీపాలు ఎక్కడికి పోతున్నాయి? అసలు ఊరు ఇక్కడే ఎందుకు వెలిసింది? ఈ చివరి ప్రశ్నతో మొదలుపెడితే మిగతా రెండూ వాటంతటవే విడిపోతాయి. దాని జవాబు నది ఒడ్డు రాతిలో, ఆ రాతి గట్టు మీద పండే ద్రాక్షలో ఉంది.

మోజెల్ నది ఫ్రాన్స్‌లో వోజ్ కొండల్లో, సముద్రమట్టానికి 715 మీటర్ల ఎత్తున పుడుతుంది. ఫ్రాన్స్‌ను దాటి, లక్సెంబర్గ్ సరిహద్దును ఒరుసుకుంటూ జర్మనీలోకి వచ్చి, కోబ్లెంజ్ దగ్గర రైన్ నదిలో కలుస్తుంది. మొత్తం పొడవు 544 కిలోమీటర్లు. ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కు తిన్నగా గీత గీస్తే 95 కిలోమీటర్లే. నది మాత్రం అదే దూరం పోవడానికి 190 కిలోమీటర్లు తిరుగుతుంది. మ్యాప్ మీద చూస్తే పాము మెలికలు పోయినట్టు ఉంటుంది. ఒక్కోచోట ఊరి ఈ చివర నది, ఆ చివరా అదే నది.

మెలికలు తిరిగే నదులు మామూలుగా బల్లపరుపు మైదానాల్లో కనిపిస్తాయి. వాలు లేనిచోట నీటికి తొందర ఉండదు కాబట్టి అటూ ఇటూ తిరుగుతుంది. మోజెల్ మెలికలేమో కొండల మధ్య, లోతైన లోయలో ఉన్నాయి. ఇది చిక్కు ప్రశ్నలా ఉంటుంది కానీ సమాధానం తేలికే. ఈ నది ఒకప్పుడు మైదానంలోనే తిరిగేది. ఆ తర్వాత నేల మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది. గత ఎనిమిది లక్షల ఏళ్లలో ఆ లేవడం జోరందుకుంది. నది తన దారి మార్చుకోలేదు. ఉన్న వంపుల్లోనే, రంపం కోసినట్టు కిందికి కోసుకుంటూ పోయింది. నేల పైకి, నది కిందికి. అలా దాదాపు 200 మీటర్ల లోతున లోయ ఏర్పడింది. మైదానం నాటి మెలికలు చెక్కినట్టు రాతిలో మిగిలిపోయాయి. లోయకు ఉత్తరాన ఐఫెల్ పీఠభూమి, దక్షిణాన హున్స్‌ర్యూక్ పీఠభూమి. రెండింటి మీదా అడవులు, చలిగాలులు. ఆ రెండింటి నడుమ, గాలి తగలని పల్లంలో, ఈ నది.

ఇక ఆ రాయి సంగతి. మనం పలక అంటాం. మా తరం బడికి పట్టుకెళ్లిన నల్లటి రాతిపలక, అ ఆలు దిద్దిన పలక, చాలావరకు మార్కాపురం నుంచి వచ్చేది. మోజెల్ ఒడ్డున ఉన్నదీ అదే జాతి రాయి. మార్కాపురం రాయి చాలా చాలా పాతది. మోజెల్ రాయి వయసు సుమారు 40 కోట్ల ఏళ్లు. అప్పట్లో ఇప్పటి జర్మనీలోని ఈ భాగం భూమధ్యరేఖకు దక్షిణాన, వెచ్చని సముద్రం అడుగున ఉండేది. ఉత్తరాన ఉన్న ఖండం నుంచి నదులు మోసుకొచ్చిన బురద ఆ సముద్రంలో పొరలు పొరలుగా పేరుకుంది. వేల మీటర్ల మందాన పేరుకుని, తన బరువుకు తానే గట్టిపడింది. సుమారు 32 కోట్ల ఏళ్ల కిందట ఖండాలు ఢీకొని ఆ బురదరాయిని రెండు వైపుల నుంచీ నొక్కేశాయి. ఆ నొక్కుడుకు లోపలి సన్నటి రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒకే దిక్కుకు ఒరిగి సర్దుకున్నాయి. అందుకే పలకరాయిని ఉలితో కొడితే పగిలి ముక్కలవదు, కాగితం దస్తాలా విడిపోతుంది.

నొయ్‌మాగెన్‌కు తూర్పున, హున్స్‌ర్యూక్ మీద బుండెన్‌బాక్ అనే ఊరుంది. అక్కడి పలకరాతి గనుల్లో ఆ పాత సముద్రపు జీవులు దొరికాయి. నక్షత్రచేపలు, ట్రైలోబైట్లు అనే, ఇప్పుడు లేని పెంకు జీవులు. వాటి కాళ్లు, మీసాలు కూడా బంగారు రంగు పైరైట్ ఖనిజంగా మారి నిలిచిపోయాయి. రాయిని పగలగొట్టకుండా ఎక్స్‌రే తీసి లోపలి జీవిని చూడొచ్చు. ద్రాక్షకూ దీనికీ సంబంధం లేదు. కానీ ఆ కొండ మీద ద్రాక్ష తీగ వేరు ఏ బురదలోకి దిగుతోందో ఒకసారి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు వంపునూ పలకనూ కలిపి చూడాలి. నది వంపు తిరిగేచోట నీళ్లు బయటి ఒడ్డును బలంగా కొడతాయి, దాన్ని కోసేస్తాయి. అక్కడ నిటారు గట్టు ఏర్పడుతుంది. లోపలి ఒడ్డున నీటి వేగం తక్కువ, అక్కడ ఇసుక, మట్టి పేరుకుని మెత్తటి పల్లం ఏర్పడుతుంది. పల్లంలో ఊళ్లు, పొలాలు. నిటారు గట్టు దక్షిణం వైపు తిరిగి ఉంటే ద్రాక్ష. నొయ్‌మాగెన్‌కు కాస్త దిగువన పీస్‌పోర్ట్ దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఎడమ ఒడ్డున కొండ అర్ధచంద్రాకారంలో, దక్షిణానికి ముఖం పెట్టి, స్టేడియం గ్యాలరీలా లేచి ఉంటుంది. దాని పాదంలో పాత పీస్‌పోర్ట్ ఇళ్లు ఇరుక్కుని ఉంటాయి. కుడి ఒడ్డున చదునైన నేల మీద నీడర్‌ఎమెల్ ఊరు విశాలంగా పరుచుకుంది.

దక్షిణం వైపు ముఖం ఎందుకంత ముఖ్యం? ఈ ఊళ్లు దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. మనకు సెప్టెంబరు మధ్యాహ్నం ఎండ మాడు పగలగొడుతుంది. అక్కడ సెప్టెంబరు 23న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 40 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. ఏటవాలుగా పడే ఎండ ఎక్కువ నేల మీద పరుచుకుని పలచబడుతుంది. లెక్క కడితే, సూర్యుడికి ఎదురుగా పట్టిన పలక మీద పడే ఎండ నూరు పాళ్లు అనుకుంటే, చదును నేల మీద పడేది 64 పాళ్లే. అదే 30 డిగ్రీల వాలుతో దక్షిణానికి తిరిగిన గట్టు మీద 94 పాళ్లు పడుతుంది. అక్టోబరు మూడో వారానికి సూర్యుడు ఇంకా దిగిపోతాడు. చదును నేలకు 50 పాళ్లు, గట్టుకు 86 పాళ్లు. ద్రాక్ష పండేది సరిగ్గా ఈ రోజుల్లోనే. చదును పొలంలో పులుపు దిగని కాయ, గట్టు మీద తీపెక్కుతుంది. తేడా అంతా ఆ కోణంలోనే ఉంది.

పలకరాయి ముదురు రంగులో ఉంటుంది. పగలంతా ఎండను పీల్చుకుని, పొద్దుగూకాక ఆ వేడిని మెల్లగా వదులుతుంది. గట్టు నిండా పరుచుకున్న పలక ముక్కలు వానకు మట్టి కొట్టుకుపోకుండా ఆపుతాయి, తడి ఆరిపోకుండా కప్పుతాయి. వేర్లు రాతి చీలికల్లోంచి లోతుకు దిగి నీరు వెతుక్కుంటాయి. కింద నది ఉంది కాబట్టి రాత్రి చలి మరీ కొరికేయదు. రైతులు ఎన్నో తరాలుగా పలక ముక్కలను బుట్టలకెత్తి మళ్లీ గట్టు పైకి మోసుకెళ్లి పరుస్తూ వచ్చారు. జారిపోయిన మట్టినీ అలాగే మోసేవారు. ఈ గట్టు మీద సేద్యం అంటే సగం మోత పనే.

తీగను చూస్తే ఆ కష్టం అర్థమవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షతోటలంటే మనకు పందిళ్లు గుర్తొస్తాయి. నీడన నడిచిపోవచ్చు, గుత్తులు తల మీద వేలాడుతుంటాయి. మోజెల్ గట్టు మీద పందిరి వేసే వీలు లేదు. సంప్రదాయ పద్ధతిలో ఒక్కో తీగకూ ఒక్కో నిలువు కర్ర. తీగ నుంచి రెండు కొమ్మలు తీసుకుని, రెండు పక్కలా వంచి, కింద కర్రకే కట్టేస్తారు. దూరం నుంచి చూస్తే గట్టంతా హృదయాకారాలు గుచ్చినట్టు ఉంటుంది. అందం కోసం చేసిన పని కాదది. వరసలు, ఇనుప తీగలు అడ్డం లేకపోతే మనిషి తీగ చుట్టూ ఏ వైపు నుంచైనా పని చేసుకోవచ్చు, వాలులో అడ్డంగానూ నడవొచ్చు. ట్రాక్టరు ఎక్కని చోట్ల ఈ మధ్య ఒంటి పట్టా మీద పాకే చిన్న పళ్లచక్రాల బండ్లు వచ్చాయి, మనుషులనూ గంపలనూ మోయడానికి. మిగతాదాంట్లో చాలావరకు ఇప్పటికీ చేతి పనే.

ఇంత కష్టం ఎవరు మొదలుపెట్టారు? ఇక్కడి నుంచి చరిత్ర.

రోమన్లు రాకముందు ఈ ప్రాంతం ట్రెవెరి అనే కెల్టిక్ తెగది. జూలియస్ సీజర్ గాల్ దేశం, అంటే దాదాపు ఇప్పటి ఫ్రాన్స్, మీద యుద్ధాలు చేసినప్పుడు ఈ తెగతో తలపడ్డాడు, వాళ్ల గుర్రపుదళాన్ని మెచ్చుకున్నాడు. వాళ్ల పేరే ట్రియర్ నగరం పేరులో మిగిలింది. ట్రియర్ దగ్గర మోజెల్ మీద కట్టిన మొదటి చెక్క వంతెన దుంగల వయసు లెక్కిస్తే క్రీ.పూ. 18–17 అని తేలింది. దుంగలో ఏటా ఏర్పడే వలయాలను లెక్కపెట్టి చెట్టు కొట్టిన ఏడాదిని చెప్పే పద్ధతి అది. చరిత్రకారులకు అంత కచ్చితమైన సాక్షి మరొకటి దొరకదు.

ఊరి పేరు కూడా కెల్టిక్ నుంచి వచ్చిందే. రోమన్ల నాటి పేరు నోవియోమాగుస్. 'నోవియో' అంటే కొత్త, 'మాగుస్' అంటే మైదానం లేదా సంత. కొత్త సంత అన్నమాట. ఈ 'నోవియో'కూ, సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న 'నవ'కూ మూలం ఒక్కటే. జర్మన్‌లో కొత్తకు వాడే 'నొయ్' కూడా అదే కుదురు నుంచి వచ్చింది. అందుకే నోవియోమాగుస్ అరిగి అరిగి నొయ్‌మాగెన్ అయినా అర్థంలో మొదటి సగం చెక్కుచెదరలేదు. గాల్ నుంచి రైన్ దాకా నోవియోమాగుస్‌లు చాలానే ఉండేవి. నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్ వాటిలో ఒకటి. మన కొత్తపేటల్లాగే.

సంత ఇక్కడే ఎందుకు పెట్టారంటే, ఇక్కడ రెండు దారులు కలుస్తాయి. రైన్ ఒడ్డున ఉన్న బింగెన్ నుంచి ట్రియర్ వెళ్లే రోమన్ రోడ్డు హున్స్‌ర్యూక్ అడవుల మీదుగా వచ్చి, నొయ్‌మాగెన్ దగ్గర లోయలోకి దిగి మోజెల్‌ను అందుకుంటుంది. పక్కనే ద్రోన్ అనే వాగు కొండల్లోంచి దిగి నదిలో కలుస్తుంది. వాగు కోసిన పల్లం నుంచి పైకి ఎక్కడం సులువు. ఇక్కడి నుంచి ట్రియర్ తిన్నగా 20 కిలోమీటర్ల పైచిలుకు, నది వెంట దాదాపు దానికి రెట్టింపు. రోడ్డు మీద వచ్చే సరుకు పడవ ఎక్కాలన్నా, పడవ మీద వచ్చేది బండి ఎక్కాలన్నా ఇక్కడే దిగాలి. రోమన్ రోడ్ల పటానికి మధ్యయుగాల్లో తీసిన ఒక నకలు ఇప్పటికీ ఉంది. అందులోనూ నోవియోమాగుస్ పేరు కనిపిస్తుంది.

ఆ రోడ్డు మీద వచ్చిన ఒక ప్రయాణికుడి వల్లే ఈ లోయ సాహిత్యానికెక్కింది. అవుసోనియస్ అనే కవి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం మనిషి, రోమన్ చక్రవర్తి వాలెంటీనియన్ కొడుకు గ్రేషియన్‌కు గురువు. 371 ప్రాంతంలో మోజెల్ నది మీద 483 పాదాల లాటిన్ కావ్యం రాశాడు. దాని పేరు కూడా మోసెల్లానే. బింగెన్ నుంచి బయలుదేరి, నీడలు కమ్మిన అడవి దాటి, ఒక్కసారిగా వెలుగులోకి వచ్చినప్పుడు తనకు కనిపించిన మొదటి ఊరు ఇదేనని చెప్పాడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పేరు మోసిన కోటగా దాన్ని తలుచుకున్నాడు. ఆకాశం ఇక్కడ ఎంత తేటగా ఉందో చెబుతూ తన సొంతూరు బోర్డోను గుర్తు చేసుకున్నాడు. ద్రాక్షతోటల నాడు నుంచి వచ్చినవాడు ఆ గట్లను చూసి ఊరు మీద బెంగ పెట్టుకున్నాడంటే, 371 నాటికే ఇక్కడ తోటలు గట్టిగా నిలదొక్కుకున్నాయని అర్థం.

ఆ కావ్యంలో కవి కన్నుతో పాటు శాస్త్రవేత్త కన్ను కూడా ఉంది. నదిలోని చేపలను పేరుపేరునా, ఏది రుచిగా ఉంటుందో ఏది ముళ్లదో చెప్పుకుంటూ పోతాడు. ఉపనదుల జాబితాలో మన ద్రోన్ వాగు ద్రాహోనుస్ పేరుతో ఉంది. రూవర్ అనే మరో వాగు నీటి బలంతో తిరగళ్లు తిప్పుతోందనీ, పాలరాతిని కోసే రంపాలు నడుపుతోందనీ రాశాడు. నీటితో నడిచే రంపం గురించి మనకు దొరికిన తొలి రాతల్లో ఇదొకటి. టెక్నాలజీ చరిత్ర రాసేవాళ్లు ఈ కవిని ఇప్పటికీ వదలరు. నాకు నచ్చింది ఇంకోచోట. సాయంత్రం వేళ కొండ నీడ నదిలో పడుతుంది. నీళ్లలో ద్రాక్ష తీగలు తలకిందులుగా ఊగుతాయి. పడవవాడు మోసపోయి, నీళ్లలోని తీగలను లెక్కపెడుతుంటాడు. గట్టు పైన ఇంకా పని తెమలని కూలీలను కింద పోయే పడవవాళ్లు, ఒడ్డున నడిచే బాటసారులు కేకలు వేసి ఆటపట్టిస్తారు, కొండలు ఆ కేకలకు బదులు పలుకుతాయి. నిటారు గట్టు, పాదంలోనే నది, ప్రతిధ్వని ఇచ్చే ఇరుకు లోయ. పైన చెప్పిన భూగోళమంతా ఆ ఒక్క దృశ్యంలో ఉంది.

ఇక పడవ దగ్గరికి వెళ్దాం.

అది అవుసోనియస్ కన్నా నూటయాభై ఏళ్లు ముందుది. అప్పటికి ట్రియర్ ధనవంతుల ఊరు. నేత వ్యాపారులు, వైన్ వ్యాపారులు, భూస్వాములు తమ సమాధుల మీద రాళ్లతో గోపురాల్లా స్తంభాలు నిలిపేవారు. ట్రియర్ దగ్గర ఈగెల్ అనే ఊళ్లో అలాంటిది ఒకటి నేటికీ 23 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. బట్టల వ్యాపారం చేసిన కుటుంబానిది. దాని మీద సరుకు పడవను ఒడ్డున మనుషులు తాళ్లతో ఎదురు ప్రవాహానికి లాక్కెళ్లడం కూడా చెక్కారు. ఆ కాలపు రవాణాలో అసలు కష్టం ఎక్కడుందో ఆ తాళ్లు చెబుతాయి. దిగువకు నది మోస్తుంది, ఎగువకు మనిషి భుజమే మోయాలి.

నొయ్‌మాగెన్ పడవను దగ్గరగా చూస్తే రెండు సంగతులు తోస్తాయి. ఒకటి, అది సరుకు పడవలా లేదు. ముందువైపు పొడుచుకొచ్చిన ముక్కు, బారులు తీరిన తెడ్లు యుద్ధనౌక పోలికలు. తెడ్లకు సరిపడా మనుషులు లేరు, పీపాలు ఉన్న తీరు చూస్తే మనుషులకు చోటే లేదు. శిల్పి కొలతలు పాటించలేదు. వ్యాపారి దర్పం చూపడానికి ఏం కావాలో అది చెక్కాడు. పీపాల్లో ఉన్నది వైనా, బీరా అని కూడా పండితులు వాదించుకున్నారు, ట్రియర్‌లో బీరు వ్యాపారులూ ఉండేవారు కాబట్టి. ఇది వైనే అన్న మాటకు నా మొగ్గు. ఇదే ఊళ్లో దొరికిన మరికొన్ని సమాధి రాళ్ల మీద గడ్డి చుట్టిన వైన్ జాడీల కుప్పలు చెక్కి ఉన్నాయి. అలాంటి జాడీలు వైన్, నూనె మోయడానికే.

రెండోది ఆ పీపాలే. మధ్యధరా తీరంలో వైన్‌ను మట్టి జాడీల్లో పోసేవారు. పాతికేసి లీటర్లు పట్టే ఒక రకం జాడీ ఖాళీగానే దాదాపు పాతిక కిలోలు ఉండేది. అంటే పడవ మోసే బరువులో సగం మట్టే. అడవులు దండిగా ఉన్న ఉత్తరాదిలో కెల్టిక్ వడ్రంగులు చెక్క పలకలను వంచి, బద్దలు బిగించి పీపాలు చేశారు. అవి తేలిక, పగలవు, దొర్లించుకుంటూ ఒక్కడే రేవుకు చేర్చగలడు. జాడీని ఎత్తాలి, పీపాను దొర్లిస్తే చాలు. కొండ మీద అడవి, కొండ వాలులో తీగ, కొండ కింద నది. పీపా ఈ మూడింటినీ కలిపింది.

ఈ ఊరి రాళ్లలో పడవ ఒక్కటే కాదు. 1870ల చివర నుంచి ట్రియర్ మ్యూజియం డైరెక్టర్ ఫెలిక్స్ హెట్‌నర్ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో సమాధి శిల్పాలు కుప్పలుగా బయటపడ్డాయి. ఒకదాని మీద బడి. నడుమ గడ్డం పంతులు, రెండు పక్కలా ఇద్దరు పిల్లలు చుట్టలు విప్పి చదువుతున్నారు. మూడోవాడు ఆలస్యంగా వచ్చి, చెయ్యెత్తి నమస్కారం పెడుతూ, చేతిలో పుస్తకాల సంచి లాంటిది పట్టుకుని నిలబడ్డాడు. మరోదాని మీద కౌలు డబ్బు లెక్కపెట్టడం. ఇంకోదాని మీద కుర్చీలో కూర్చున్న ఇల్లాలికి దాసీలు జడ సవరిస్తుంటే ఒకామె అద్దం పట్టుకుంది. చక్రవర్తుల విజయాలు చెప్పే రాళ్లు ఎన్నో చూస్తాం. ఊరి జనం రోజువారీ బతుకు ఇలా రాతిలో దొరకడం అరుదు.

ఇవన్నీ పునాదిలోకి ఎందుకెళ్లాయి? 275 ప్రాంతంలో ఫ్రాంక్, అలమన్ని అనే జర్మానిక్ తెగలు రైన్ దాటి లోపలికి చొచ్చుకొచ్చాయి. ఊళ్లు తగలబడ్డాయి, తోటలు పాడయ్యాయి. ఆ తర్వాత ట్రియర్ చక్రవర్తుల నివాసం అయింది. కాన్‌స్టంటైన్ 306 నుంచి కొన్నేళ్లు అక్కడే ఉన్నాడు. రాజధానికి వచ్చే రోడ్లను కాపాడటానికి దారిలోని ఊళ్లకు కోటలు కట్టారు. బిట్‌బుర్గ్, యూన్‌కెరాట్, నొయ్‌మాగెన్ అలా వెలిసినవే. బురుజులు, రెండు ద్వారాలు, మందపాటి గోడలు. త్వరగా కట్టాలి, గట్టిగా కట్టాలి. చెక్కి సిద్ధంగా ఉన్న పెద్ద రాళ్లు ఎక్కడున్నాయి? శ్మశానాల్లో. పాత సమాధులను విప్పి, ఆ దిమ్మలను పునాదిలో పేర్చారు. ఆ సమాధులు ఈ ఊరివేనా, ట్రియర్ నుంచి పడవల్లో దిగుమతి అయినవా అన్నదాని మీద రెండు వాదాలున్నాయి. ఏదైనా, తాతల సమాధులు విప్పుతున్నప్పుడు ఆ జనం ఎంత టెన్షన్‌లో ఉండి ఉంటారో ఊహించగలం. బయట నిలిచిన సమాధులు వానకు కరిగాయి, సున్నం బట్టీలకు పోయాయి. భయంతో పాతేసినవే బతికాయి. రంగుల జాడలు కూడా కొన్నింటి మీద మిగిలాయి.

రాజధాని వచ్చాక ట్రియర్‌లో ఆస్థానం, సైన్యం, జీతగాళ్లు పెరిగారు. వాళ్లందరికీ వైన్ కావాలి. లోయలో తయారీ ఎంత పెద్ద ఎత్తున సాగిందో 1985లో తెలిసింది. పీస్‌పోర్ట్ గట్టు కింద ద్రాక్ష భూములను సర్ది కలిపే పని చేస్తుంటే యంత్రాలకు నాలుగో శతాబ్దపు రాతి తొట్లు తగిలాయి. ఆల్ప్స్‌కు ఉత్తరాన ఇంతవరకు దొరికిన రోమన్ ద్రాక్ష కర్మాగారాల్లో అతి పెద్దది అదే. పై వరసలో గంపలు దించి కాళ్లతో తొక్కే తొట్లు, దిగువ వరసలో రసం పట్టే తొట్లు. మధ్యలో పిప్పిని పెద్ద దూలంతో నొక్కే చోటు. వాలు ఉంది కాబట్టి రసం దానంతటదే కిందికి పారుతుంది. గట్టు ఎండనే కాదు, ఈ పని కూడా చేసిపెట్టింది. అలాంటివే బ్రౌనెబెర్గ్‌లో, ఎర్డెన్‌లో, గ్రాక్‌లో బయటపడ్డాయి. ఇప్పుడు మోజెల్ అనగానే చెప్పుకునే రీస్లింగ్ ద్రాక్ష ఆ తొట్లలో పడి ఉండదు. ఈ ప్రాంతపు కాగితాల్లో రీస్లింగ్ పేరు పదిహేనో శతాబ్దం నుంచే కనిపిస్తుంది. 1787లో ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెన్‌ట్సెస్లాస్ నాసి రకాలు పీకి మేలు రకాలు నాటాలని ఆజ్ఞ ఇచ్చాకే అది గట్టంతా పరుచుకుంది.

ఐదో శతాబ్దంలో రోమన్ పాలన కూలిపోయింది, ఫ్రాంకులు వచ్చారు. అయినా తోటలు ఆగలేదు. 588 ప్రాంతంలో వెనాంటియస్ ఫోర్టునాటస్ అనే మరో కవి ఎగువనున్న మెట్స్ నగరం నుంచి పడవ మీద దిగుతూ, బండల మధ్య వరసలు తీరిన తీగలను, గట్లకు వేలాడుతూ పళ్లు కోస్తున్న కూలీలను వర్ణించాడు. గట్టు మీద సేద్యం చేసే చెయ్యి మారలేదు. మాట కూడా వెంటనే మారలేదు. చుట్టూ జర్మన్ మాట్లాడుతున్నా, మోజెల్ నడిమి లోయలో రైతులు లాటిన్ నుంచి పుట్టిన తమ సొంత భాషను ఇంకా కొన్ని వందల ఏళ్లు మాట్లాడారు. ఇప్పుడు ఆ భాష లేదు. దాని మాటలు మిగిలాయి. వైన్ లాటిన్ వీనుమ్ నుంచి వచ్చింది. ద్రాక్ష రైతును జర్మన్‌లో విన్‌ట్సర్ అంటారు, అది వీనితోర్. తాజా రసం మోస్ట్, అది ముస్తుమ్. నేలమాళిగ కెల్లర్, అది కెల్లారియుమ్. ద్రాక్ష నొక్కే యంత్రాన్ని కెల్టర్ అంటారు, అది కాల్కాతూరా, అంటే కాలితో తొక్కడం. పీస్‌పోర్ట్‌లో ఆ పాత తొట్లను బాగుచేసి, పైన కప్పు వేశారు. అక్టోబరు ఉత్సవంలో ఊరివాళ్లు గంపలు దించి, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి, వాటిలోకి దిగి తొక్కుతారు.